అందరు నిన్ను వెదకుచున్నారు

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కపెర్నహూములో గడిచిన విశ్రాంతిదినం గురించి చదువుతుంటే మనకే ఊపిరాడదు. సమాజమందిరంలో బోధ, అక్కడే అపవిత్రాత్మ పట్టినవాడి కేక, అక్కణ్ణుంచి సీమోను ఇంటికి వెళ్తే జ్వరంతో పడుకున్న అత్తగారు. పొద్దుగూకేసరికి రోగులను తీసుకుని పట్టణమంతా వాకిట్లో. ఆ రాత్రి యేసుప్రభువు ఎప్పుడు పడుకున్నారో మార్కు రాయలేదు. ఎప్పుడు లేచారో మాత్రం రాశాడు. "ఇంకను చాలచీకటి యుండగానే" లేచి, అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేస్తున్నారు (1:35).

ఈ వచనం చూపించి పెందలాడే లేవమని చెప్పే ప్రసంగాలు డిసెంబరు 31 రాత్రి ఆరాధనల్లో చాలా విన్నాం. మంచి మాటే. కానీ అసలు సంగతి ఆ తర్వాతి వచనాల్లో ఉందనిపిస్తుంది నాకు. సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి "అందరు నిన్ను వెదకుచున్నారు" అన్నారు. వాకిట్లో ఇంకా ఎవరెవరు ఎదురుచూస్తున్నారో. ఆయన మాత్రం పక్క ఊళ్లకు వెళ్దాం రండి అన్నారు. అంటే రోజంతా పనిచేయడానికి ఓపిక తెచ్చుకోవడం కోసమే కాదు ఆ ప్రార్థన. ఏ పని వదిలేయాలో కూడా అక్కడే తేలిపోయింది. ఆ దారిలోనే కుష్ఠరోగి ఒకడు వచ్చి మోకాళ్లూనాడు (1:40). ధర్మశాస్త్రం ప్రకారం అతను జనానికి దూరంగా ఉండాల్సినవాడు. సీమోను వాకిట్లో కిక్కిరిసిన ఆ గుంపులోకి అతన్ని ఎవరు రానిస్తారు?

మన సంఘాల్లో తీరిక లేదనేవాళ్లందరూ లోకంలో పడిపోయినవాళ్లు కారు. చాలామంది పరిచర్యలో మునిగినవాళ్లే. ఆదివారం సండే స్కూలు, ఆరాధన, ఆ పైన క్వయర్ ప్రాక్టీసు. వారం మధ్యలో స్త్రీల సమాజం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఎవరింట్లోనో కృతజ్ఞత కూడిక, దానికి వంట. ఇక ఫోన్ సంగతి సరేసరి. బైబిల్ యాప్ తెరుస్తామా, ఈలోగా సంఘం గ్రూపులో వరసగా వందనాలు వచ్చి పడుతుంటాయి. జవాబివ్వకపోతే ఏమనుకుంటారోనని అదో టెన్షన్. దీనికి ఫోన్ పక్కగదిలో పెట్టి అచ్చు బైబిల్ తీయడం తప్ప వేరే మందు నాకు తెలియదు. కూడికల విషయం అంత తేలిక కాదు. "ప్రభువా, ఈ వారం నేను ఒప్పుకున్న పనుల్లో నీవు చెప్పనిది ఏది?" అని మోకాళ్ల మీద అడగాలి. జవాబు దొరికాక సంఘ పెద్దలకు ఆ మాట చెప్పాలి, అది ఇంకా కష్టం. ఒక చెల్లెమ్మ ఈసారి వంటకు రాలేనంటే "భక్తిలో చల్లారిపోయింది" అనేస్తాం. అలా అనడం మానుకోవాల్సింది మనమే.

ఇంకో మాట. టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ మండే రోజుల్లో రాత్రంతా వేడి చూసుకుంటూ కూర్చునే రైతుకూ, కరెంటు పోతే నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయని నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువు గట్టు మీదే పడుకునే కుర్రాడికీ నాలుగింటికి లేవమని ప్రసంగం చేయడం నాకు ఇష్టముండదు. వాళ్లు అప్పటికే మెలకువగా ఉన్నారు. ఆ గట్టు మీదే ప్రార్థన చేసుకోనివ్వండి.

ఒంగోలు వాళ్లకు చీకటితో లేచి చేసిన ప్రార్థన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1854 జనవరి 1న నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు తెల్లవారుజామున కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని వేడుకున్నారు. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో అంతకు ముందు ఏడాదే చర్చ జరిగింది. చేయాల్సిన పనులు వాళ్లకూ బోలెడుండే ఉంటాయి. అయినా ఆ పొద్దున కొండెక్కారు. వాళ్లడిగిన సేవకుడు, అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తాం.

క్లౌ దొరకూ ఊళ్లో ఆదరణ బాగానే దొరికింది. ఆయన బడికి అగ్రకులాల పిల్లలు వచ్చారు. ఇంతలో మాదిగ విశ్వాసి ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ల సాక్ష్యంతో మాదిగపల్లెల నుంచి జనం క్రీస్తు దగ్గరికి రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు బడికి వచ్చే పెద్దకులాలవాళ్లు. ఆ మిషన్ చరిత్రలో ఒక సంగతి చెబుతారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ ఒకరికొకరు తెలియకుండా బైబిల్ తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీయులకు 1:26 దగ్గరి మాటలే ఎదురయ్యాయట. "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." పల్లెలవాళ్లను చేర్చుకున్నారు. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు.

1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సభల్లో ఎప్పుడూ చెప్పుకుంటాం. వాళ్లలో ఎక్కువమంది ఆ పెద్దలు వద్దన్న పల్లెలవాళ్లే.