బకింగ్‌హాం కాలువ పక్కన క్రిస్మస్

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మా ఇంట్లో లెక్కల పుస్తకాలు, సైన్సు పుస్తకాలు అలమరలోకి వెళ్లిపోతాయి. మళ్లీ సంక్రాంతి దాటాకే బయటికి వస్తాయి. మా పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుకుంటారు. అమ్మాయికి పదమూడేళ్లు, అబ్బాయికి తొమ్మిది. పద్నాలుగు నిండాక అమ్మాయి ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా పదో తరగతి పరీక్ష రాస్తుంది. ఆ పరీక్షలు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పెడతారు కాబట్టి డిసెంబరును మాకు నచ్చినట్టు వాడుకోవచ్చు. చెన్నైలో బడికి వెళ్లే పిల్లలకు సరిగ్గా ఆ రోజుల్లోనే అర్ధ సంవత్సరం పరీక్షలు. సండే స్కూల్ నాటకానికి సాధన అనగానే వాళ్ల అమ్మానాన్నల ముఖాల్లో దిగులు కనిపిస్తుంది.

అందుకే మా చర్చి సంఘంలో ఏ పని ఉన్నా మొదటి ఫోను మా ఇంటికే వస్తుంది. “మీ పిల్లలు ఇంట్లోనే ఉంటారు కదమ్మా” అంటారు. నక్షత్రం కట్టాలన్నా, గొర్రెల కాపరుల తలపాగాలు కుట్టాలన్నా, క్యారల్స్‌కు వెళ్లే ఇళ్ల జాబితా రాయాలన్నా మేమే. ఇంట్లో చదివే పిల్లలంటే ఖాళీగా ఉండే పిల్లలని అనుకోవడం నాకు నచ్చదు, ఆ మాట మొహమాటం లేకుండానే చెబుతాను. కానీ పని మాత్రం కాదనను. చెన్నైలో పుట్టి పెరుగుతున్న నా పిల్లలకు తెలుగు వచ్చిందంటే సగం ఈ డిసెంబరు పనుల వల్లే వచ్చింది. ఏడాదంతా నేను కూర్చోబెట్టి నేర్పిన గుణింతాలు ఒక ఎత్తు, ఒక్క నాటకానికి తెర వెనక మాటలు అందించడం మరొక ఎత్తు.

మాది ఒంగోలు. పెళ్లయ్యాక చెన్నై వచ్చాం, మందవెలిలో ఉంటున్నాం. వీధిలో ఆడుకునే పిల్లలతో తమిళం, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఇంట్లో తెలుగు అంటే అన్నం తిన్నావా, స్నానం చేశావా అన్నంత వరకే. ఆ నాలుగు మాటలతో ఏ పిల్లవాడూ ఆలోచించడం నేర్చుకోడు. భాషకు ఒక బాధ్యత తగిలించాలి. మా అమ్మాయికి నిరుడు మా పాస్టరు అయ్యగారు అలాంటి బాధ్యత అప్పగించారు. నాటకంలో వేసే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొచ్చి, ఎక్కడ ఆపాలో తెలియక గబగబా అప్పజెప్పేవారు. “కాగితాలు తీసేయండి, నేను చెబుతాను, మీరు వినండి” అంది మా అమ్మాయి. రోజూ సాయంత్రం ఒక్కొక్కరికి ఫోను చేసి వాక్యం తర్వాత వాక్యం చెప్పించింది. గాబ్రియేలు దూత వేసే పిల్లవాడు “భయపడకు” అన్న మాటను అరిచి చెబుతుంటే, “భయపడకు అని చెప్పేవాడు అరవకూడదురా, అప్పుడు ఇంకా భయమేస్తుంది” అని సరిదిద్దింది. పక్క గదిలో ఉన్న నేను ఆ మాట విని చాలా సంతోషించాను. తెలుగులో ఒక వాక్యాన్ని ఎలా పలకాలో తనే నిర్ణయించుకునే దశకు వచ్చింది.

ఈ నెలలోనే మా అమ్మ ఒంగోలు నుంచి వస్తుంది. ఆమె రాకతో వంటగది బడి మొదలవుతుంది. గులాబీ పువ్వులు, కజ్జికాయలు, చక్కిలాలు అన్నీ చేస్తాం. పాఠం మాత్రం అరిసెల దగ్గరే ఉంది. నానబెట్టిన బియ్యం వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, జల్లించి, ఆ తడి పోకుండా అదిమి మూత పెట్టాలి. కిలో బియ్యానికి సుమారు ముప్పావు కిలో బెల్లం. మూడు కిలోలకు ఎంత కావాలో లెక్క వేయడం అబ్బాయి పని. పాకం చూడటం అమ్మాయి పని. గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని పాకం చుక్క వేసి చూస్తుంది. కరిగిపోతే ఇంకా రాలేదు. వేళ్ల మధ్య మెత్తగా ఉండ కడితే దించేయాలి. గట్టిపడి గిన్నెకు తగిలి టక్కుమంటే ముదిరిపోయింది, అరిసె రాయిలా తయారవుతుంది. “అమ్మమ్మా, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ పాకం వేడి పెరుగుతుంది, అందుకే గట్టిపడుతుంది” అని అమ్మాయి పుస్తకంలో చదివింది చెబితే, “అవునే తల్లీ, ముందు మంట తగ్గించు” అంది మా అమ్మ. చక్కల మధ్య పెట్టి నూనె పిండే పని పిల్లలకు ఇవ్వం, చేతులు కాలతాయి. పక్కింటి మామి ఇంటికి ఒక పళ్లెం వెళ్తుంది. తమిళుల మార్గళి నెల కదా, ఆమె తెల్లవారుజామునే లేచి వాకిట్లో పెద్ద ముగ్గు వేస్తుంది. మా నక్షత్రపు దీపం వెలుతురు నేరుగా ఆ ముగ్గు మీద పడుతుంది. ఆమె అరిసె కొరికి, తమ అదిరసం కూడా ఇలాగే ఉంటుందంటుంది. ఆ పళ్లెం ఖాళీగా తిరిగి రాదు.

మార్గళి అంటే ఈ ఊళ్లో సంగీతం కూడా. 1927లో ఇక్కడ కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సభల ఫలితంగా మరుసటి ఏడాది మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. అప్పటి నుంచి డిసెంబరు కచేరీల నెలగా స్థిరపడింది. ఊరంతా తమిళం మాట్లాడుతూ, సభల్లో మాత్రం త్యాగరాజు తెలుగు వింటుంది. మా అమ్మాయిని ఏడాదికి ఒకటి రెండు ఉచిత కచేరీలకు తీసుకెళ్తాను. మన తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కూడా పాటల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. కచేరీలో విన్న రాగాన్ని ఇంటికొచ్చి కీర్తనల పుస్తకంలో వెతుక్కోవడం దానికి ఇప్పుడు అలవాటైపోయింది.

క్యారల్స్ సంగతి చెప్పాలి. మా సంఘం వేపేరి వైపు ఉంది, సంఘస్థులు మాత్రం పెరంబూరు నుంచి షోళింగనల్లూరు దాకా ఊరంతా చెదిరి ఉన్నారు. వ్యానులో వెళ్లినా ఒక రాత్రికి నాలుగైదు ఇళ్లకు మించి కుదరదు. వరుసగా రెండు రాత్రులు పిల్లల్ని పంపకూడదన్నది మా నియమం. ఒకే రోజు రెండు సెమీ క్రిస్మస్‌లకు, అంటే పండుగకు ముందే జరిపే వేడుకలకు, పిలుపు వస్తే ఒకదానికే వెళ్తాం. ఎవరైనా నొచ్చుకుంటే వాళ్ల ఇంటికి తర్వాత ప్రత్యేకంగా వెళ్లి వస్తాం. అలసిపోయిన పిల్లలు పాటలు పాడతారు కానీ, ఆ పాటల్లో ఏముందో వారి మనసుకు పట్టదు.

క్యారల్స్‌లో మేము వెళ్లే ఇళ్లలో రెండు రకాలుంటాయి. హైదరాబాదు నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన కొత్త కాపురాలు ఒక రకం. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా మద్రాసులోనే ఉండిపోయిన కుటుంబాలు రెండో రకం. అలాంటి ఒక ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదువు మాత్రం తమిళంలో సాగింది, తెలుగు అక్షరాలు రావు. క్యారల్స్ అయ్యాక మా అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, “లూకా రెండో అధ్యాయం చదువు నాయనా” అన్నారు. వాడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. పాత కాలపు తెలుగు, పొడుగు మాటలు. వాడు ఆగిన ప్రతి చోటా ఆమె కళ్లు మూసుకుని తర్వాతి మాట అందించారు. అధ్యాయం మొత్తం ఆమెకు నోటికి వచ్చు, వాడికి చదవడం వచ్చు, ఇద్దరూ కలిసి పూర్తి చేశారు. ఆ మర్నాటి నుంచి వాడు ఆ అధ్యాయాన్ని నేను అడగకుండానే చదువుతున్నాడు, ఈ ఏడాది ఆగకుండా చదివి వినిపించాలని వాడి పట్టుదల.

ఇప్పుడు కాలువ దగ్గరికి వస్తాను. మందవెలి నుంచి పార్క్ టౌన్ దాకా మేము ఎక్కే రైలును ఇక్కడి వాళ్లు పరక్కుం రైలు, అంటే ఎగిరే రైలు, అంటారు. స్తంభాల మీద పైన రైలు వెళ్తుంటే, చాలా దూరం వరకు దాని కిందనే బకింగ్‌హాం కాలువ కనిపిస్తుంది. నల్లటి నీళ్లు, చెత్త, దుర్వాసన. పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఒక డిసెంబరులో ఆ కాలువనే చరిత్ర పాఠంగా పెట్టుకున్నాం. 1806లో ఇక్కడి నుంచి ఎన్నూరు వరకు తవ్విన చిన్న కాలువతో మొదలై, దశల వారీగా ఉత్తరాన పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా సాగింది. మొత్తం సుమారు 420 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం మన ఆంధ్రలోనే. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని కరువు తినేసింది. అప్పుడు కరువు పనుల కింద కాలువ పనులు చేయించారు. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టుగా తీసుకుని, ఆకలితో ఉన్న వేల మందికి పని, కూలి ఇచ్చాడు. తవ్వేవాళ్లు అలసి కూర్చున్నప్పుడు తెలుగు బోధకులు వాళ్ల మధ్య కూర్చుని సువార్త చెప్పేవారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

వారిలో అత్యధికులు మాదిగలు. మా ముత్తాతల కుటుంబమూ ఆ కాలువ తవ్వినవాళ్లలో ఉందని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ సంగతి పిల్లలకు దాచకుండా, తగ్గించకుండా చెప్పాను. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని రోజుల్లో మనవాళ్లు నదిలో దిగి నిలబడ్డారని చెప్పాను. ప్రవాసంలో పెరిగే పిల్లలకు మనం పండుగ చూపిస్తాం, వంట చూపిస్తాం, పాట నేర్పుతాం. ఏ నేల నుంచి, ఏ చెమట నుంచి వచ్చామో చెప్పడానికి మాత్రం చాలామంది తల్లిదండ్రులు వెనకాడతారు. బయటి ఊళ్లో ఎవరికీ తెలియదు కదా, వదిలేద్దాం అనుకుంటారు. నేను వదలను. తమ పెద్దల కష్టం తెలిసిన పిల్లలు ఎవరి ముందూ తల దించరు, ఎవరినీ చిన్నచూపు చూడరు.

అబ్బాయి అంతా విని, “మరి మన ఇంటి దగ్గర ముక్క ఎవరు తవ్వారమ్మా?” అన్నాడు. అడయారు, కూవం నదుల మధ్య ఉన్న ఆ ఎనిమిది కిలోమీటర్లనూ 1877-78లో కరువు పనుల్లోనే తవ్వారు. వాళ్లూ ఆకలికి వచ్చినవాళ్లే. ఆ తర్వాత వాడు కాలువను చూసి ముక్కు మూసుకోలేదు. ఎవరు ఇంత పాడు చేశారని కోపగించుకుంటున్నాడు.

ఈసారి సెమీ క్రిస్మస్‌లో పిల్లల అంశంగా ఆ కాలువ కథ వేద్దామని అమ్మాయి అడిగింది. సంఘ పెద్దల్లో ఒకరిద్దరు సందేహించారు, క్రిస్మస్ నాడు కరువు కథ ఎందుకని. అమ్మాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. బేత్లెహేములో కూడా శుభవార్త మొదట చేరింది రాత్రి పూట పనిలో ఉన్న కాపరులకే కదా అంది. అయ్యగారు ఒప్పుకున్నారు. నాటకం మొదటి సగంలో గొర్రెల కాపరులు, రెండో సగంలో పలుగు పారలతో కాలువ కూలీలు. తలపాగాలు అవే, మార్చే పని కూడా తగ్గింది. పాత సంఘస్థుల్లో కొందరు నాటకం అయ్యాక తమ ఇళ్లలో చెప్పుకునే కరువు కథలు పిల్లలకు చెప్పారు. అమ్మాయి అవన్నీ తెలుగులో రాసుకుంటోంది. అదే దాని ఈ నెల వ్యాసరచన.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, ఆ వెంటనే బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ మేము, అక్కడ మా అమ్మ, ఇద్దరమూ ఒకే తుపానులో చిక్కుకున్నాం. ఆ ఏడాది పిల్లలు క్యారల్స్‌కు బదులు సంఘంలో కూర్చుని రొట్టెలు, పాల పొడి పొట్లాలు కట్టారు. ఇప్పటికీ ప్రతి డిసెంబరు కానుకల డబ్బాలో కొంత తుపాను నిధి అని విడిగా పెడుతున్నారు. ఆ ఆలోచన వాళ్లదే.

ఈసారి కొత్త సంవత్సరానికి ఒంగోలు వెళ్తున్నాం. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలైన జ్యువెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఊరి పక్క కొండ మీద ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఈ జనవరి ఒకటిన సూర్యోదయానికి అక్కడ ఉండాలని అమ్మాయి కోరిక. చిక్కు ఏమిటంటే, 31 రాత్రి ఇక్కడి ఆరాధనలో వాక్యం చదివే వంతు దానిదే. తమ్ముడికి అప్పగిద్దామంటే, వాడికీ కొండ ఎక్కాలని ఉంది. చివరికి గాబ్రియేలు వేషం వేసిన ఆ పిల్లవాడు చదువుతానన్నాడు. మా అమ్మతో కలిపి మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలుకు ఐదు టిక్కెట్లు తీశాం. మా అమ్మాయి రోజూ సాయంత్రం వాడికి ఫోను చేసి ఆ భాగం నేర్పుతోంది, మెల్లగా చదవమని చెబుతూ.