మట్టికి వాసన, గాలికి తాకిడి

ఆదివారం, ఆషాఢం.

ధవళేశ్వరం దగ్గర గోదారికి వరద ఎర్రనీరు వచ్చేసిందని పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. మధ్యాహ్నం లైబ్రరీలో కవితల వర్క్‌షాప్ పెట్టుకున్నాం. లంకల్లోంచి వచ్చేవాళ్ళు రేవు దాటగలరో లేదోనని టెన్షన్ పడ్డాను గానీ, అందరూ వచ్చారు. డిగ్రీ పిల్లలు, రిటైరైన తెలుగు మాస్టారు, కొబ్బరి పీచు మిల్లుకు వెళ్ళే ఇద్దరు ఆడవాళ్ళు, చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే దింపులాయన, పడవ నడిపే పెద్దాయన.

ఈసారి పంచభూతాల మీద రాయాలి. మామూలుగా ఈ విషయం ఇస్తే ఏం వస్తుందో నాకు తెలుసు. గోదారి తల్లి, పచ్చని చేలు, నీలాకాశం. వాటిలో అబద్ధం లేదు, కానీ ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి. కోనసీమ మీద మనం రాసుకున్నదాంట్లో ఎక్కువ భాగం గట్టు మీద నిలబడి కంటితో చూసి రాసిందే అనిపిస్తుంది నాకు. మోకాలి దాకా ఒండ్రులో దిగిన మనిషికి తెలిసింది, చెట్టు చివర కూర్చున్న మనిషికి తెలిసింది కవిత్వంలోకి రావట్లేదు. ఈ వర్క్‌షాప్‌లు పెడుతున్నది ఆ బాధతోనే.

అందుకని తర్కసంగ్రహం పట్టుకెళ్ళాను. తర్కం మొదలుపెట్టే పిల్లల కోసం 17వ శతాబ్దంలో అన్నంభట్టు రాసిన చిన్న పుస్తకం. ఆయన తెలుగువాడేనంటారు. భూతాలకు ఆయనిచ్చిన లక్షణాల్లో అలంకారం ఒక్కటీ ఉండదు. వాసన ఉన్నది భూమి. తాకితే చల్లగా ఉండేది నీరు. తాకితే వేడిగా ఉండేది తేజస్సు, అంటే నిప్పు. రూపం లేకుండా తాకేది వాయువు. శబ్దం గుణంగా ఉన్నది ఆకాశం. అంతే. నేను పెట్టిన షరతు కూడా అదే. మట్టి గురించి రాస్తే వాసనతోనే రాయాలి, రంగు చెప్పకూడదు. గాలి గురించి రాస్తే ఒంటికి తగిలిందే రాయాలి.

"ఇది కవిత్వమా అమ్మా, శాస్త్రమా?" అన్నారు మాస్టారు. గ్రీకుల్లో ఎంపెడోక్లిస్ అని ఒకాయన క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో భూమి, నీరు, నిప్పు, గాలి ఈ నాలుగే ప్రపంచానికి మూలాలన్నాడని, ఆ మాటంతా పద్యాల్లోనే చెప్పాడని అన్నాను. ఆయన ముఖం వెలిగింది. "మనవాళ్ళు లెక్కలూ వైద్యమూ కూడా శ్లోకాల్లోనే చెప్పారుగా" అని కలం తీశారు.

అసలు చర్చ పడవ పెద్దాయన లేవదీశారు. "నీళ్ళకి వాసన లేదంటే నేనొప్పుకోనండి. ఎర్రనీటిదో వాసన. ఎండాకాలం సముద్రం పోటెక్కి ఉప్పునీరు పైకొస్తే ఇంకో వాసన. చేపల, రొయ్యల చెరువుల నీళ్ళు కాలవలో కలిస్తే ముక్కు మూసుకోవాలండి." ఆయన మాటకు తర్కంలో జవాబుంది. నీటిలో వాసన వస్తే అది నీటిది కాదు, అందులో కలిసిన భూమిది. ఈ సూత్రం పుస్తకంలో చదివినప్పుడు నాకు వట్టి నియమంలా కనపడింది. ఎర్రనీరు దిగిన రోజున ఆయన ముందు చెబుతుంటే వేరేగా వినపడింది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు వచ్చే ఏరు దారి పొడుగునా గీకి తెచ్చిన మట్టే కదా ఆ ఎరుపు! మేం కూర్చున్న నేలంతా అలా వచ్చి చేరిందే. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే నేను ఇన్నేళ్ళూ వాసన చూసింది పైఊళ్ళ పొలాలనన్నమాట" అన్నారు. ఆయన ఆ మాట రాయనన్నారు, చదువు రాదట. పక్కనున్న డిగ్రీ అమ్మాయి రాసుకుంది. 1986 వరద గురించి ఆయన చెప్పింది కూడా ఆ అమ్మాయే రాసింది:

నిద్రలో చెయ్యి మంచం కిందికి జారింది
చల్లగా తగిలింది
గోదారి ఇంట్లోకొచ్చిందని
అందరికంటే ముందు
నా వేళ్ళకి తెలిసింది

పీచు మిల్లు ఆవిడ మట్టి గురించి రాసింది:

ఊడ్పుల నుంచొచ్చి
సబ్బెట్టి కడిగాను
ముద్ద ఎత్తితే
నోటికంటే ముందు
ముక్కుకి చేను తగిలింది

దింపులాయనది గాలి:

చెట్టెక్కినాక గాలి
ముందు నా వీపుకి తెలుస్తుంది
తరవాత ఆకుకి
కిందున్నోళ్ళకి
కాయ పడ్డాకే

చదివాక ఆయన ఇంకో సంగతి చెప్పారు. 1996 నవంబరు తుఫానుకు తోటలకు తోటలే ఒరిగిపోయాక వాళ్ళ నాన్నకు ఎక్కడానికి చెట్లు లేవట. దాన్ని కూడా రాయమన్నాను. "అది గాలి గురించి కాదు కదా మేడమ్, ఆకలి గురించి" అన్నారు. నేనింకేం బలవంతపెట్టలేదు.

ఆకాశం ఎవరికీ లొంగలేదు. కంటికీ ఒంటికీ తెలిసిందే నిజమన్న పాతకాలపు నాస్తికులు చార్వాకులు ఆకాశాన్ని భూతంగా ఒప్పుకోలేదు, ప్రత్యక్షంగా తెలియదు గనుక నాలుగే అన్నారు. ఆ మాట చెప్పగానే ఒక కుర్రాడు తన కాగితం మడిచేసి "నేను చార్వాకుల పార్టీ" అన్నాడు. వాడి వాదన నాకు నచ్చింది. రాయకపోవడానికి అంత మంచి కారణం ఎవరూ చెప్పలేదు.

మాస్టారి పద్యంలో ఛందస్సు చక్కగా కుదిరింది, మట్టి వాసన కోసం మాత్రం ఇంకోసారి పొలం వైపు వెళ్ళాలి. ఆ మాట ఆయనే అన్నారు.

వచ్చే నెల నిప్పు. ఇటుక బట్టీ దగ్గర పెడదామన్నారు పిల్లలు. వానల్లో బట్టీలు మండవు కాబట్టి అది సంక్రాంతి తరవాతే. ఈలోగా పాశర్లపూడి గురించి అడగాలి. 1995 జనవరిలో అక్కడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ మంట ఎంత ఎత్తు లేచిందో చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. నాకు కావలసింది ఆ వేడి ఎంత దూరం వరకు తగిలిందో, ఒంట్లో ఎక్కడ తగిలిందో. పీచు మిల్లు ఆవిడ అత్తగారిది ఆ పక్క ఊరేనట, తీసుకొస్తానంది. పెద్దావిడ చెబుతుంటే రాసుకునే పని చార్వాకుల పార్టీ కుర్రాడికి అప్పజెప్పాను.