అనంతపురంలో మంచు పూలు

క్రిస్మస్‌కి మా వీధి చివర చర్చిలో చెట్టుకు కట్టడానికి, సాయంత్రాలు మేడ మీద కూర్చుని క్రోషియాతో మంచు పూలు అల్లుతున్నాం. అదీ అనంతపురంలో! వానకే మొహం వాచిన జిల్లా. "మనలో ఎవరన్నా మంచు చూసినారామే?" అని పెద్దక్క అడిగితే, "మా ఫ్రిజ్‌లో" అంది టైలర్ వదిన.

తెల్ల నూలు దారమే వాడాలి, ఉన్ని అయితే వాలిపోతుంది. నడుమ చిన్న గొలుసు వలయం, దాని చుట్టూ ఆరు రేకలు. ఎనిమిదైతే నిండుగా ఉంటుందని వదిన పట్టు. ముగ్గుల్లో ఆమెది చేయి తిరిగిన పని మరి. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఆరు మూలల అమరికలో సర్దుకుంటాయి, అందుకే ఆరు అని చెప్పినా వినలేదు. అమెరికాలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885 నుంచి సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి మంచు స్ఫటికాలను వేలకొద్దీ ఫొటోలు తీశాడు. వాటిని ఫోన్‌లో చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

అదే నమూనా, అదే సూది. అయినా పెద్దక్క పువ్వు అరచేయంత, నాది అందులో సగం. దారం లాగే బిగువును బట్టి అంతే. అన్నీ ఒకే సైజులో ఉండాలని కొందరు గొణిగారు, నాకైతే ఇలాగే బాగుంది.

అల్లాక చిక్కటి గంజిలో ముంచి, థర్మాకోల్ మీద ఆరు కొనలూ లాగి గుండుసూదులు గుచ్చాలి. తుప్పు సూదులైతే మరక ఖాయం. మా ఎండకి మధ్యాహ్నానికల్లా అప్పడాల్లా బిర్రబిగుస్తున్నాయి. ఇప్పుడు గొడవంతా తళుకు దారం కలపాలా వద్దా అని. నేను వద్దనే పక్షం.