తీర్థన్ నదిలో ట్రౌట్ కోసం: నా అనుభవం

కాలవ గట్టున గాలం వేసి అలవాటైనవాళ్ళకి ఫ్లై ఫిషింగ్ తలకిందుల వ్యవహారంలా ఉంటుంది. గాలంలో బరువంతా ఎరది, సీసపు గుండుది. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఫ్లై అంటే చిన్న కొక్కేనికి ఈకా దారమూ చుట్టి చేసిన పురుగు బొమ్మ, దానికి బరువే లేదు. బరువు లావుపాటి లైనుది. లైను ఎగిరితేనే దాని కొసన ఫ్లై వెళ్తుంది. ఈ తేడా చేతికి పట్టడానికే నాకు రెండు సీజన్లు పట్టింది.

నేను వెళ్ళేది హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లాకి, గుషైనీ దగ్గర తీర్థన్ నదికి. అక్కడి బ్రౌన్ ట్రౌట్ ఆ నేల చేప కాదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ముందు కాశ్మీరుకి, అక్కడి నుంచి 1909లో కులూకి గుడ్లు తెచ్చి పెంచారు. హిమాలయాల సొంత చేపని స్నో ట్రౌట్ అంటారు గానీ అది మన బొచ్చె, శీలావతుల కుటుంబానిది. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట నిషేధం. ఆ చలిలోనే ఆడచేప తోకతో గులకరాళ్ళలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. మత్స్య శాఖ లైసెన్సు ముందే తీసుకోవాలి. నేను మార్చిలోనో, వానలు వెనకబట్టాక అక్టోబరులోనో వెళ్తాను. ఎండలు ముదిరి పైన మంచు కరిగితే నీళ్ళు బూడిదరంగుకి తిరుగుతాయి. అప్పుడు చేపకి ఫ్లై కనబడదు.

సామాను విషయం క్లుప్తంగా చెప్తాను. 8.5 అడుగుల, 4 వెయిట్ రాడ్డు (అంటే తేలికపాటి లైనుకి సరిపోయేది), తేలే లైను, లైను కొసన కట్టే సన్నటి దారం, అంటే 9 అడుగుల లీడరు, దాని కొసన ఫ్లై కట్టడానికి ఇంకా సన్నటి దారం, అంటే 2 అడుగుల 5ఎక్స్ మందం టిప్పెట్. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి టిప్పెట్ బలం పోతుంది, పెద్ద చేప పడినప్పుడే తెగుతుంది. కొక్కెం మొన వెనకుండే చిన్న ముల్లుని పట్టుకారుతో నొక్కేస్తాను.

నీళ్ళ దగ్గరికి వెళ్ళగానే రాడ్డు విప్పను. మోకాలి లోతులో గుమ్మడికాయంత రాయి ఒకటి ఎత్తి తిరగేస్తాను. అడుగున బియ్యపుగింజంత పురుగులు పక్కలకి పాకుతాయి. పొట్టకి రెండు వైపులా మొప్పలు చిన్న ఆకుల్లా అల్లాడుతూ, చాలావరకు మూడు తోకలుంటే అది మేఫ్లై అనే ఎగిరే పురుగు పిల్ల. తోకలు రెండే ఉండి, కాలి కొసన రెండేసి గోళ్ళుంటే స్టోన్‌ఫ్లై. ఇసుకరేణువులతో కట్టుకున్న గొట్టంలో దాక్కుంటే క్యాడిస్. నీళ్ళు చెడితే ముందుగా కనబడకుండా పోయేది స్టోన్‌ఫ్లై. అందుకే దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఏ పురుగు ఎక్కువుంటే ఆ రంగులో, ఆ సైజులో ఫ్లై కడతాను. ఎక్కువసార్లు 14 లేదా 16 నంబరు చిన్న కొక్కేనికి ఫెజెంట్ పక్షి తోక ఈక చుట్టి చేసే ఫెజెంట్ టెయిల్ ఫ్లై సరిపోతుంది. రాయిని మళ్ళీ ఎలా ఉన్నదో అలాగే పెట్టేయాలి. అది వాటి ఇల్లు.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడుతుంది. కాబట్టి దిగువ నుంచి, వెనకగా వెళ్తాను. పెద్ద బండ పక్కన వేగంగా పారే నీళ్ళూ నెమ్మదిగా పారే నీళ్ళూ కలిసేచోట నురుగు గీత కడుతుంది. చేప నెమ్మది నీళ్ళలో నిలబడి, వేగపు నీళ్ళు మోసుకొచ్చే తిండి అందుకుంటుంది. 30 అడుగుల లైను చాలు. వెనక్కి విసిరాక లైను పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. తొందరపడితే కొరడా చప్పుడొస్తుంది, ఫ్లై తెగి ఎగిరిపోతుంది.

అసలు కష్టం ఫ్లై నీటిమీద పడ్డాక మొదలవుతుంది. మధ్యలో వేగంగా పారే నీళ్ళు లైనుని విల్లులా వంచి లాగుతాయి, ఫ్లై వెనక సన్నటి చాలు పడుతుంది. నిజం పురుగు అలా ఈదదు. అది చూసిన ట్రౌట్ దగ్గరిదాకా వచ్చి తిరిగిపోతుంది. లైను పడగానే రాడ్డు కొస ఎత్తి, మధ్య భాగాన్ని ఎగువకి తిప్పి వేయాలి. సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి పక్కనున్న నురుగు బుడగని చూస్తాను. ఫ్లై, బుడగ జంటగా సాగుతున్నంతసేపే చేప నమ్ముతుంది. ఆ నాలుగైదు సెకన్లూ నా మనసులో ఇంకో ఆలోచన ఉండదు. ఇంత దూరం నేను వచ్చేది దానికోసమే.

మునిగే ఫ్లై వేస్తే మన బెండు లాంటి ఇండికేటరుని ఫ్లై నుంచి నీటి లోతుకి ఒకటిన్నర రెట్ల దూరంలో కట్టాలి. ఒక్కసారి కూడా అడుగు తగలడంలేదంటే ఫ్లై చేప తలమీదుగా పోతోందన్నమాట, చిన్న గుండు కలపాలి. బెండు మునిగేదాకా చూస్తే ఆలస్యమే. కాస్త ఆగినట్టనిపించినా రాడ్డు పైకెత్తాలి.

చేప వచ్చాక ముందు చేతులు తడుపుకుంటాను. పొడి చేత్తో పడితే ఒంటిమీది జిగురు పోయి, తర్వాత పుండు పడుతుంది. నీళ్ళలోంచి తీయకుండానే కొక్కెం వదులుతాను. పక్కన ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత వలయం. ముఖం ఎగువకి తిప్పి, పొట్టకింద అరచెయ్యి ఆనించి పట్టుకుంటే మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. తోక ఒక్కసారి గట్టిగా కొడుతుంది. అప్పుడు చెయ్యి తీసేస్తాను.