తీసేసుకుంటూ పోతే మిగిలిన సిస్టమ్

పాత లాప్‌టాప్ మీద సోర్స్ (మనం చదివి మార్చుకోగల కోడ్) దొరకని ప్రోగ్రామ్ ఒక్కటి కూడా లేని సిస్టమ్ నిలబెట్టాలని పట్టుబట్టాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పేరున్న లినక్స్ రకం డెబియన్ వేసుకుంటే సరిపోదా అనుకున్నా. సరిపోదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వాళ్లే ఇన్‌స్టాలర్‌లో నాన్‌ఫ్రీ (స్వేచ్ఛగా మార్చి పంచుకోనివ్వని) ఫర్మ్‌వేర్, అంటే వైఫై లాంటి భాగాల్ని లోపల్నుంచి నడిపే ప్రోగ్రామ్‌లు, కలిపేశారు. తప్పు పట్టను, అది లేకపోతే చాలామందికి వైఫై రాదు.

అందుకే సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ దగ్గరే మొదలెట్టాను. లినక్స్‌లోంచి నాన్‌ఫ్రీ ముక్కల్ని ఏరేసి విడుదల చేసేదే లినక్స్‌-లిబ్రె. కంపైల్ చేసి బూట్ చేస్తే స్క్రీన్ వచ్చింది, కీబోర్డు పలికింది, వైఫై లేదు. లాగ్ తెరిచి చూస్తే డ్రైవర్ అడగాల్సిన ఫైలు పేరు స్థానంలో ‘డీబ్లాబ్డ్’ (నాన్‌ఫ్రీ ముక్క తీసేశాం) అని వెక్కిరిస్తోంది.

దీనికి మందు అందరికీ తెలిసిందే: ఫర్మ్‌వేర్ అడగని పాత ఎథెరోస్ వైఫై కార్డు. తెప్పించి, వెనక మూత విప్పి, రెండు యాంటెన్నా తీగల్నీ గోటితో ఊడదీసి బిగించాను. పవర్ నొక్కగానే నల్ల స్క్రీన్ మీద ఒకే ముక్క: అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు, తీసేయండి. తన జాబితాలో లేని కార్డును బయాస్ (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) రానివ్వదట! మెషీన్ నాది, కార్డు నాది, అనుమతి ఇంకెవరిదో. ఒళ్లు మండిపోయింది. చివరికి ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ వైఫై గట్టెక్కించింది. దాని ఫర్మ్‌వేర్ సోర్స్ 2013లోనే బయటికొచ్చింది.

ఆ తర్వాత లైసెన్సులు. కూర్చుని ప్యాకేజీ ప్యాకేజీకీ కాపీరైట్ ఫైలు చదవడమే పని. ఒక ఆట కోడ్ మొత్తం జీపీఎల్ (ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవచ్చనే లైసెన్సు), శబ్దాలకు మాత్రం ‘వ్యాపారానికి వాడరాదు’ అన్న షరతు. వాటిని పీకేస్తే ఆట మూగదైంది.

ఇంతా చేసి, ఎస్ఎస్‌డీ లోపల దాని ఫర్మ్‌వేర్ దానికి ఉండనే ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్క ఇది: డిస్క్ నుంచి లోడ్ చేస్తే నాన్‌ఫ్రీ, చిప్‌లోనే ఉండి మనం మార్చే పని లేకపోతే హార్డ్‌వేర్ కిందే లెక్క. ఈ గీత నాకు పూర్తిగా మింగుడుపడలేదు, కానీ ఎక్కడో ఒకచోట గీయకపోతే పని తెమలదు. పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో సిస్టమ్ కడతామని 1983లో గ్నూ ప్రకటించినవాళ్లకు కూడా సొంత కెర్నల్ హర్డ్ ఇప్పటికీ 1.0 దాకా రాలేదు. 1992లో లినక్స్ జీపీఎల్‌లోకి మారాకే ఆ లోటు తీరింది.

సిస్టమ్ నడుస్తోంది. బయాస్ మాత్రం ఆ పాతదే. దాన్ని మార్చడానికి చిప్‌కు తగిలించే క్లిప్ కొని సొరుగులో పెట్టాను. బోర్డు పోతుందేమోనని ఇంకా ముట్టుకోలేదు.