స్టిక్కర్ సంగతి తర్వాత, ముందు సైకిల్ తిరగేయండి

పాత రేసింగ్ సైకిల్ దొరికింది, ఒరిజినలో కాదో కాస్త చూసి చెప్పు అని ఫోటోలు పంపేవాళ్లు దాదాపు అందరూ పంపేవి అవే. డౌన్ ట్యూబ్ మీద, అంటే ముందు నుంచి పెడళ్ల దాకా ఏటవాలుగా దిగే గొట్టం మీద పెద్ద అక్షరాల్లో పేరు, హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ మీద బ్యాడ్జి, గోడకి ఆనించి పక్కనుంచి తీసిన ఫోటో ఒకటి. అంటే ఎవడైనా ఒక సాయంత్రం కూర్చుని మార్చేయగలిగినవన్నీ పంపుతారు, మార్చడం కుదరనిది ఒక్కటీ పంపరు. పాత మేకర్ల డెకాల్స్, అంటే ఫ్రేమ్ మీద అతికించే పేరు స్టిక్కర్లు, కొత్తగా ప్రింట్ చేసి అమ్మేవాళ్లు ఉన్నారు, అందులో తప్పేం లేదు, రీస్టోర్ చేసుకునేవాళ్లకి అవి కావాలి కదా. కానీ అవే డెకాల్స్ ఊరూ పేరూ లేని ఫ్రేమ్ మీద అతికిస్తే అది రాత్రికి రాత్రి మిలాన్‌లో పుట్టేస్తుంది.

అందుకే నేను చూసే వరస పూర్తిగా రివర్స్. మార్చడానికి ఏది ఎక్కువ కష్టమో అది ముందు, ఏది తేలికో అది చివర. ఇనుము, ఆ తర్వాత అతుకులు, ఆ తర్వాత పార్టులు, ఆ తర్వాత రంగు, అన్నిటికంటే ఆఖర్న పేరు.

ఈమధ్య ఒక ఫ్రెండ్ తెచ్చిన కేసు చెప్తా. చేత్తో చేసిన ఇటాలియన్ రేసింగ్ సైకిల్, మిలాన్‌లో బాగా పేరున్న మేకర్ చేసింది, 1972 మోడల్ అని అమ్మేవాడి మాట. మేకర్ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే బండి ఇంకా అమ్మకంలోనే ఉంది. ఫోటోల్లో చూస్తే మాత్రం కళ్లు చెదిరిపోయేలా ఉంది, ఒప్పుకోవాలి. విప్పి చూడ్డానికి అమ్మేవాడు ఒప్పుకున్నాడు, అది మంచి విషయం, చాలామంది అక్కడే మాట మార్చేస్తారు.

ముందు బాటమ్ బ్రాకెట్. పెడల్ క్రాంకులు తిరిగే ఆ చిన్న గొట్టం ముక్క, దాన్నే షెల్ అంటారు, ఏ దేశానిదో ఇట్టే చెప్పేస్తుంది. ఇటాలియన్ అయితే షెల్ వెడల్పు 70 మి.మీ., లోపలి మర వ్యాసం 36 మి.మీ., ఇంచికి 24 చుట్లు, రెండు పక్కలా కుడి మరే. ఇంగ్లిష్ అయితే వెడల్పు 68, మర 1.37 ఇంచీలు, చుట్లు 24 ఏ గానీ చైన్ ఉన్న పక్క ఎడమ మర. పాత ఫ్రెంచ్ వాటిలో వెడల్పు 68 ఏ, మర మాత్రం 35 మి.మీ., చుట్టుకి 1 మి.మీ., రెండు పక్కలా కుడి. ఇక్కడో తిరకాసు ఉంది. ఇంగ్లిష్ షెల్‌లో మర అరిగిపోతే దాన్ని ఇంకాస్త పెద్దగా కోసి ఇటాలియన్ మర వేయడం పాత రిపేరు పద్ధతి, అంటే మర ఒక్కటే చూసి ఇటాలియన్ అనేస్తే పప్పులో కాలేసినట్టే, వెర్నియర్ పెట్టి వెడల్పు కూడా కొలవాలి. మర ఇటాలియన్, వెడల్పు 68 వచ్చిందంటే ఆ ఫ్రేమ్‌కి వేరే జన్మ ఉందన్నమాట. మావాడి బండి 70 వచ్చింది, మర కూడా సరిపోయింది. ఇక్కడిదాకా ఓకే.

తర్వాత సీట్ పోస్ట్, అంటే సీటు కింది రాడ్, బయటికి లాగి కొలవాలి. ఇటలీ కంపెనీ కొలంబస్ చేసిన ఎస్ఎల్ ట్యూబులైనా, ఇంగ్లిష్ కొలతల్లో ఇంగ్లండ్ కంపెనీ రేనాల్డ్స్ చేసిన 531 డబుల్ బటెడ్ (చివర్లు మందం, మధ్యలో పల్చన) ట్యూబులైనా 27.2 మి.మీ. పోస్ట్ పడుతుంది. కొంచెం మందమైన కొలంబస్ ఎస్పీకి 27.0. ఫ్రెంచ్ ఫ్రేమ్ అయితే ట్యూబే 28 మి.మీ. కాబట్టి ఇంకా సన్న పోస్టు, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. కానీ ఇటాలియన్ టాప్ మోడల్ అని చెప్పి పోస్టు 26 మి.మీ. దగ్గర ఆగిపోయిందంటే లోపల గోడ మందంగా ఉందని అర్థం, మామూలు చవక ట్యూబు. ట్యూబ్ స్టిక్కర్ కూడా డెకాలే అని మర్చిపోతారు జనం. 531 అని రాసున్నంత మాత్రాన అది 531 అయిపోదు, ఆ ట్యూబింగ్ 1935 నుంచి ఉంది, దాని స్టిక్కర్లు ఎన్ని రకాలుగా మారాయో అన్నీ ఇప్పుడు రీప్రింట్‌లో దొరుకుతాయి.

ఇక ఫోర్క్, ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం. ఇది పీకించడానికి అమ్మేవాళ్లు అస్సలు ఇష్టపడరు, నేను మాత్రం పీకందే మాట్లాడను. కొలంబస్ స్టీరర్ ట్యూబ్‌లో, అంటే ఫోర్క్ పైన హెడ్ ట్యూబ్‌లోకి దూరే గొట్టంలో, కిందనుంచి లైటు వేసి చూస్తే లోపలి గోడ మీద మెలికలు తిరుగుతూ పైకి పోయే అయిదు గట్లు కనిపిస్తాయి, బలం కోసం పెట్టినవి. స్టిక్కర్ అతికించినంత తేలిగ్గా వీటిని ఎవరూ పుట్టించలేరు. ఇంగ్లండ్ మేకర్లయితే చాలామంది ఫ్రేమ్ నంబర్నే స్టీరర్ మీద కూడా కొట్టేవాళ్లు, రెండూ ఒకటే అయితే ఫోర్క్ ఆ ఫ్రేమ్‌తో పుట్టిందే. లేకపోతే ఎప్పుడో యాక్సిడెంట్ అయి మార్చారని అర్థం, అప్పుడు హెడ్ లగ్ (గొట్టాలు కలిసే చోట తొడిగే ఇనప తొడుగు) వెనకాల డౌన్ ట్యూబ్ కింద వేలు పెట్టి నిదానంగా రాయండి, గుద్దుకున్న బండికి అక్కడ చిన్న అల లాంటి ఉబ్బు తగులుతుంది, రంగు ఎంత బాగా వేసినా వేలికి దొరికిపోతుంది. మావాడి ఫోర్క్‌లో గట్లు ఉన్నాయి, ఉబ్బు లేదు. వాడి మొహం వెలిగిపోయింది అప్పటికే.

కథ అడ్డం తిరిగింది ఫోర్క్ కాళ్లు రెండూ కలిసే చోట, అంటే ఫోర్క్ క్రౌన్ దగ్గర. బ్రేక్ బిగించే బోల్టు 6 మి.మీ. ది. 1970ల మొదట్లో బ్రేకులు వెనకాల మామూలు నట్టుతో బిగించేవాళ్లు, కాబట్టి క్రౌన్‌కి ముందూ వెనకా ఒకే సైజు బెజ్జం చాలు. లోపలికి దూరిపోయే అలెన్ నట్టు ఆ దశాబ్దం చివరికి గానీ మామూలు కాలేదు, దానికి వెనక బెజ్జం 8 మి.మీ. ఉండాలి. ఈ బండికి వెనక బెజ్జం 8 ఉంది. సరే, ఎవరో తర్వాత కొత్త బ్రేకుల కోసం డ్రిల్లు పెట్టి పెద్దది చేసి ఉండొచ్చు, చాలామంది చేశారు కూడా. కానీ తర్వాత కోస్తే బెజ్జం అంచున క్రోమ్ తెగి లోపల ఉత్త ఇనుము కనిపించాలి. ఇక్కడ భూతద్దం పెట్టి చూస్తే క్రోమ్ అంచు మీదుగా మెత్తగా వంగి బెజ్జం లోపలికి పోయింది, అంటే క్రోమ్ వేసేటప్పటికే ఆ బెజ్జం ఆ సైజులో ఉంది. దానికి తోడు బాటిల్ కేజ్ మరలు రెండు ట్యూబుల మీదా బ్రేజ్ చేసి (ఇత్తడి లాంటిది కరిగించి అతికించి) ఉన్నాయి, టాప్ ట్యూబ్ మీద బ్రేక్ కేబుల్ గైడ్లు కూడా. 1972లో ఇవన్నీ ఎక్కువగా క్లాంపులతో బిగించేవాళ్లు. ఒక్కోటి విడిగా చూస్తే ఏదో ఒక సాకు చెప్పొచ్చు, తర్వాత ఎవరో బ్రేజ్ చేయించారనో, మళ్లీ క్రోమ్ చేయించారనో. మూడూ కలిసి ఒకే మాట చెప్తుంటే మాత్రం సాకులు అయిపోతాయి.

పార్టుల దగ్గరికి వస్తే ఇంకా తమాషా. ఇటలీ పార్టుల కంపెనీ కాంపాగ్నోలో వాళ్ల పాత సామాను మీద తారీఖులు దాదాపు రాసే ఉంటాయి. న్యూవో రికార్డ్ మోడల్ వెనక డెరైలర్ (గేర్లు మార్చేది) మీద పేటెంట్ అన్న మాట పక్కన రెండంకెల సంవత్సరం ఉంటుంది, రికార్డ్ హబ్ (చక్రం నడుమ భాగం) లాక్‌నట్ మీద కామ్ అని కొట్టి పక్కన సంవత్సరం ఉంటుంది, క్రాంక్ వెనకవైపు డైమండ్ గుర్తులో అంకె ఉంటే 1970లది, గుండ్రంలో ఉంటే 1980లది. 1967 ప్రాంతం దాకా రికార్డ్ క్రాంక్ బోల్టుల వృత్తం 151 మి.మీ., ఆ తర్వాత 144. చినెల్లీ కంపెనీ స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునేది) మీద రెక్కల సి లోగో ఉంటే అది 1979 తర్వాతది, పాతవాటి మీద వేరే బ్యాడ్జి. ఇవన్నీ పనికొచ్చేవే, కానీ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి, డెరైలర్ మీద 72 అని ఉంటే ఆ డెరైలర్ అంతకు ముందుది కాదు అనే తప్ప సైకిల్ 72 ది అని కాదు.

ఈ బండికి డెరైలర్ 72, రెండు హబ్బుల లాక్‌నట్లూ 72. మావాడు చూశావా అన్నట్టు నావైపు చూశాడు. నాకు అనుమానం మొదలైంది అక్కడే. నిజంగా రేసుల్లో తిరిగిన బండిలో పార్టులన్నీ ఒకే ఏడాదివి ఉండటం అరుదు, కొత్తలోనే షాపు షెల్ఫులో పాత స్టాకు ఏది ఉంటే అది బిగించేవాళ్లు, తర్వాత పడిపోయినప్పుడల్లా ఏదో ఒకటి మారుతుంది. కాస్త అటూ ఇటూగా ఉన్న బండే నమ్మబుద్ధేస్తుంది. ఫ్రేమ్ దశాబ్దం చివరిది, పార్టులు మాత్రం పట్టుబట్టి 72 వే, ఎవరో కూర్చుని ఏరి మరీ సెట్ చేశారు. స్టెమ్ మీద మేకర్ పేరు చెక్కి ఉంది కూడా. అది భూతద్దంలో చూస్తే పాత గీతలన్నీ అక్షరం అంచు దాకా వచ్చి తెగిపోయాయి, అక్షరం లోపల అంచులు కొత్తగా పదునుగా ఉన్నాయి. అప్పట్లో చెక్కింది అయితే అక్షరం అంచులు కూడా మిగతా స్టెమ్‌తో పాటే అరగాలి కదా.

రంగు గురించి ఎక్కువ చెప్పను, మళ్లీ వేయించారు అన్నది క్లియర్. బాటమ్ బ్రాకెట్ కింద కొట్టిన 56 అన్న ఫ్రేమ్ సైజు అంకెల్లో రంగు నిండిపోయి ఉంది, సీట్ లగ్ చీలిక లోపలా రంగే. రీపెయింట్ నేరం కాదు. ఒక్కటి మాత్రం, ఒరిజినల్ రంగు అనిపించిన బండిని దయచేసి సాల్వెంట్‌తో తుడిచి టెస్ట్ చేయకండి, పాత డెకాల్ వార్నిష్‌తో సహా లేచొచ్చేస్తుంది.

పేరు విషయానికి వస్తే ఇక్కడ ఇంకో చిక్కు, అబద్ధం లేకుండానే పేరు తప్పు కావచ్చు. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కి.మీ. తొక్కి రికార్డు కొట్టిన సైకిల్ చేసింది ఇటాలియన్ మేకర్ ఎర్నెస్టో కోల్నాగో, దాని మీద అప్పుడున్న పేరు మాత్రం విండ్సర్ అనే మెక్సికో కంపెనీది. ఆ తర్వాత మెర్క్స్ పేరుతో తిరిగిన టీమ్ సైకిళ్లు చేసింది ఇంకో ఇటాలియన్ మేకర్ ఉగో డి రోసా. మాసి అంటే అందరికీ మిలాన్ విగొరెల్లి ట్రాక్ దగ్గరి ఫలియెరో మాసి వర్క్‌షాపే గుర్తొస్తుంది, కానీ అదే పేరుతో 1970ల్లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో కూడా ఫ్రేములు తయారయ్యాయి, అవీ మంచివే, అవీ చేత్తో చేసినవే. కాబట్టి ఎవరి పేరుంది అని కాదు, ఎవరి చెయ్యి పడింది అని అడగాలి.

ఆ చెయ్యి కనిపించేది లగ్గుల్లో. చేత్తో చేసిన ఫ్రేమ్ అంటే అద్దంలా నున్నగా ఉండాలి అనుకుంటారు, ఇది మాత్రం నేను ఒప్పుకోను. రేసు కోసం హడావిడిగా చేసిన ఇటాలియన్ ఫ్రేముల్లో ఆకురాయి గీతలు అలాగే వదిలేసినవి చూశాను, లగ్ ఎడమ కొన కుడి కొన కంటే కాస్త పొట్టిగా ఉన్నవీ చూశాను. చూడాల్సింది నునుపు కాదు, అలవాటు. సీట్ స్టే (సీటు కింది నుంచి వెనక చక్రానికి దిగే సన్న గొట్టం) పైన మూత ఎలా కోశాడు, లగ్ కొన ఎంత సన్నగా రాశాడు, చక్రం ఇరుసు కూర్చునే డ్రాపౌట్ దగ్గర గొట్టం చివర ఎలా మూశాడు, ఇవి ఒక పనివాడి చేతిలో ఏళ్ల తరబడి పెద్దగా మారవు. అందుకని అదే మేకర్‌ది, చరిత్ర తెలిసిన ఇంకో ఫ్రేమ్ పక్కన పెట్టి చూడటమే అసలు పరీక్ష. బ్రిటన్‌లో 1955 నుంచి నడుస్తున్న వెటరన్ సైకిల్ క్లబ్‌లో ఒక్కో మేకర్ గురించి పట్టించుకునే మనుషులే ఉన్నారు, అలాంటివాళ్లకి పంపాల్సిన ఫోటోలు ఇవే, స్టిక్కర్ ఫోటోలు కాదు. మావాడి బండి సీట్ స్టే మూతలు ఆ మేకర్‌వి అని మేం పోల్చి చూసిన ఏ ఫ్రేమ్‌తోనూ కలవలేదు.

అమ్మేవాడి దగ్గర పాత ఓనర్ రాసిచ్చిన ఉత్తరం కూడా ఉంది. చదవడానికి బావుంది. అందులో ఫ్రేమ్ నంబర్ లేదు, ఫ్రేమ్ మీదా 56 తప్ప నంబర్ లేదు, ఇక ఆ కాగితాన్ని ఈ ఇనుముకి కట్టేది ఏంటి? బిల్లు మీద నంబర్ ఉండాలి, లేదా ఏదైనా గుర్తుపట్టగలిగే దెబ్బో మచ్చో కనిపించే పాత ఫోటో ఉండాలి.

నేను చెప్పింది ఇంతే. కొలంబస్ ట్యూబులతో ఇటలీలో చేసిన మంచి ఫ్రేమ్, 1970ల చివర లేదా 1980ల మొదలు, రంగు కొత్తది, పార్టులు ఏరి బిగించినవి, పేరుకి ఆధారం లేదు. పేరు తీసేసి రేటు అడుగు, ఇస్తే తీసుకో, తొక్కడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. వాడు క్రౌన్ బెజ్జం ఫోటో పెట్టి అమ్మేవాడిని అడిగితే తర్వాత ఎవరో పెద్దది చేయించుంటారు అని వెంటనే రిప్లై వచ్చింది. మరి లోపలికి క్రోమ్ ఎలా వచ్చింది అని అడిగినదానికి ఇంకా రాలేదు. ఈలోపు మావాడికి కొత్త డౌట్ వచ్చింది, తన ఎత్తుకి 56 సరిపోతుందా అని. అది అన్నిటికంటే ముందు చూసుకోవాలి కదరా అంటే నవ్వుతున్నాడు.