ఆదివారం కోయని తులసి, ఆగస్టు 15న కట్టే మూలికల కట్ట

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. దక్షిణ జర్మనీలో ఆ సామెత చెల్లదు. జూన్ మొదలుకుని ఆగస్టు చివరిదాకా ఇక్కడి చిన్న ఊళ్ళలో పెద్దవాళ్ళున్న ఇళ్ళకి వెళ్తే, అటక మీద తలకిందులుగా వేలాడే ఆకుల కట్టలు, పాత దుప్పటి మీద ఆరబోసిన పూలు చాలాచోట్ల కనిపిస్తాయి. మ్యూనిక్‌కి రైల్లో గంట దూరం మా ఊరు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. దగ్గొస్తే వాళ్ళకి గుర్తొచ్చేది మిరియాల కషాయం కాదు, థైమ్ ఆకుల టీ. మొదట్లో ఇది నాకు బాగా గుచ్చుకునేది. నా పిల్లలకి జలుబు కూడా జర్మన్‌లోనే చేస్తోందా అనిపించేది.

మాది తెనాలి దగ్గర పల్లె. జలుబుకి తేనెలో తులసి రసం, పొట్ట ఉబ్బితే వాము నీళ్ళు, ఛాతీ పట్టేస్తే తమలపాకుకి ఆముదం రాసి దీపం మీద వెచ్చజేసి అద్దడం. ఇవి ఒకరు నేర్పాల్సిన విషయాలని మా ఇంట్లో ఎవరికీ తోచి ఉండదు. ఇంట్లో తిరుగుతుంటే చాలు, వచ్చేసేవి. ఇక్కడ అలా తిరగడానికి పిల్లలకి దొరికిన ఇల్లు పక్కింటి పెద్దావిడది. మా పిల్లలు ఆవిణ్ణి ఓమా అని పిలుస్తారు. ఓమా అంటే ఇక్కడ అమ్మమ్మా, నాన్నమ్మా ఇద్దరూను.

మొక్కలు పెంచుకోవడానికి మాకు ఇంటి చుట్టూ జాగా లేదు. ఊరి చివర క్లైన్‌గార్టెన్‌లో ఒక ముక్క అద్దెకి తీసుకున్నాం. ఇవి సంఘాల కింద నడిచే చిన్న తోటలు. 1983 నాటి చట్టం ప్రకారం ఒక్కోటి 400 చదరపు మీటర్లకి మించకూడదు. అందులో దాదాపు మూడో వంతులో తినే పంట వేయాల్సిందేనన్నది తర్వాత కోర్టు తీర్పుతో స్థిరపడిన లెక్క. పచ్చిక పెంచి కుర్చీలేసుకుంటే సంఘం వాళ్ళు చీటీ పంపిస్తారు. మూలికలు కూడా పంట లెక్కలోకే వస్తాయి కాబట్టి మేం ధైర్యంగా ఒక మడి మొత్తం వాటికే ఇచ్చేశాం. ఒక వరసలో కెమోమిల్, సేజ్, థైమ్, పుదీనా, మరువం. ఇంకో వరసలో కుండీల్లో మా తులసి, వామాకు. కరివేపాకు సంగతి అడక్కండి, అది మా ఇంట్లో అందరికన్నా గారాబంగా బతుకుతోంది.

తులసిని ఎప్పుడు బయటపెట్టాలో కూడా ఓమాయే చెప్పింది. మే 12 నుంచి 15 దాకా వచ్చే నలుగురు సాధువుల పేర్ల మీద ఇక్కడ చలి రోజులు లెక్కపెడతారు. నాలుగో ఆవిడ చల్లని సోఫీ. ఆమె రోజు దాటేదాకా రాత్రి మంచు పడొచ్చని లేత మొక్క ఏదీ గడప దాటదు. సోఫీ వెళ్ళిన మర్నాడు మా అమ్మాయి తులసి కుండీ మోసుకెళ్తుంది. వెన్నులు తొడగ్గానే తుంచేయడం దాని పనే, అప్పుడే ఆకు గుబురుగా వస్తుంది.

కోత అసలు సందడి కెమోమిల్‌తో మొదలవుతుంది. మన చామంతికి దూరపు చుట్టం, గోరంత పువ్వు. తెల్ల రేకులు అడ్డంగా విచ్చుకుని, కిందికి వాలడం మొదలుపెట్టినప్పుడు కోయాలి. అంతకుముందు కోస్తే వాసన తక్కువ, ఆలస్యమైతే ఆరేటప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది. పొద్దున మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందు. వేళ్ళు దువ్వెన పళ్ళలా పెట్టి కాడల మధ్య నుంచి పైకి లాగితే తలలు మాత్రం గుప్పిట్లోకి వస్తాయి. మా బుడ్డోడికి ఇదొక ఆట. అయితే ఓమా వాడికి పెట్టిన మొదటి పరీక్ష వేరు. పువ్వు మధ్యలో ఉండే పసుపు దిమ్మని బొటనవేలి గోటితో నిలువునా చీల్చి చూపించమంది. లోపల బోలుగా ఉంటే అసలు కెమోమిల్. గట్టిగా నిండి ఉంటే కుక్క చామంతి అని ఇక్కడివాళ్ళు పిలిచే దాని జ్ఞాతి, కొందరికి దాంతో అలర్జీ వస్తుంది. వాడు ఇప్పుడు పొలం గట్టు మీద కనిపించిన ప్రతి తెల్ల పువ్వునీ చీల్చి చూస్తాడు. ఆ గోటి కింద పసుపు రంగు ఆగస్టు దాకా పోదు.

ఆరబెట్టడం నీడలోనే. గాలి ఆడాలి, వేడి 40 డిగ్రీలు దాటకూడదు, దాటితే వాసన నూనె ఎగిరిపోతుంది. ఇది మన ఇళ్ళలో కరివేపాకు, మెంతాకు ఆరబెట్టే పద్ధతే కాబట్టి నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఓమాకి చాలా నియమాలున్నాయి. వాన పడిన రోజు కోయకూడదు. సాయంత్రం కోయకూడదు. పుదీనా, సేజ్ పూత రాకముందే కోయాలి, థైమ్ మాత్రం పూత విచ్చుకునేటప్పుడు. కొమ్మ ముదిరి చెక్కయిన చోట కత్తెర పెట్టకూడదు. ఇవన్నీ విన్నాక మా అమ్మాయి వీడియో కాల్‌లో మా అమ్మని అడిగింది, మన దగ్గరా రూల్స్ ఉన్నాయా అని. అమ్మకి అంతకన్నా ఏం కావాలి! ద్వాదశి నాడు తులసి కోయకూడదు, ఆదివారం కోయకూడదు, పొద్దుగూకాక అసలు ముట్టుకోకూడదు, గోటితో గిల్లకూడదు అని ఏకరువు పెట్టింది. అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఆదివారం మా ఊళ్ళో గడ్డి కోసే మెషీన్ కూడా వాడకూడదు అమ్మమ్మా" అంది. నిజమే, ఆదివారం చప్పుడు చేసే పని ఇక్కడ నిషిద్ధం. మా అమ్మ జర్మన్ల మీద తన అభిప్రాయాన్ని ఆ రోజే మార్చుకుంది.

ఆ వేసవుల్లోనే నాలో ఒకటి సర్దుకుంది. మందుల్ని మనవి, వాళ్ళవి అని పిల్లల ముందు విడదీయడం మానేశాను. విడదీయాల్సింది ఇంకో రకంగా ఉంది. ఏది ఎవరికి పడుతుంది, ఏది ఎవరికి పడదు, ఎప్పుడు ఆకు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

దీనికి కారణం యొహానిస్‌క్రౌట్. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండగ చుట్టుపక్కల పూసే మొక్క. జాన్‌ని జర్మన్‌లో యొహానెస్ అంటారు, అందుకే ఆ పేరు. పసుపు పువ్వు. విచ్చుకోని మొగ్గని రెండు వేళ్ళ మధ్య నలిపితే నెత్తురులాంటి ఎర్ర రసం వస్తుంది. ఆ పూలూ మొగ్గలూ గాజు సీసాలో వేసి, మునిగేలా ఆలివ్ నూనె పోసి, కొన్ని వారాలు ఎండ తగిలే కిటికీలో పెడతారు. నూనె మెల్లగా కెంపు రంగుకి తిరుగుతుంది. ఓమా దాన్ని మోకాళ్ళకి రాసుకుంటుంది. మా అమ్మ వేసవికి వచ్చినప్పుడు ఈ సీసా చూసి ముచ్చటపడింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, మోకాళ్ళ నొప్పులు మాత్రం ఇద్దరికీ వచ్చు. మధ్యలో మా అమ్మాయి దుబాసీ. మాటల్లో ఓమా, ఇదే ఆకుతో టీ కూడా కాస్తారు, దిగులుకి మంచిది అంది. అమ్మ వెంటనే ఒక కప్పు కాయమంది.

అమ్మ గుండెకి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. నేను మందుల షాపుకి వెళ్ళి అడిగాను. ఇక్కడి ఫార్మసిస్టులు మూలికల గురించి కూడా చదువుకుని ఉంటారు, అడిగితే విసుక్కోరు. ఆవిడ మాత్ర పేరు వినగానే చెయ్యి అడ్డంగా ఊపింది. ఈ మొక్కని లోపలికి తీసుకుంటే కాలేయం కొన్ని మందుల్ని తొందరగా బయటికి తోసేస్తుందట, మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. రక్తం పలచబడే మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళ మందులు, అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి. తెల్ల తోలు వాళ్ళకి ఎండలో చర్మం కమిలే ప్రమాదం అదనం. ఇంటికొచ్చి చెబితే అమ్మ చిన్నబుచ్చుకుంది. "ఆకు కదే, ఏం చేస్తుంది?" అంది. విచిత్రం ఏంటంటే ఓమా కూడా అదే అంది, జర్మన్‌లో. ప్రకృతి ఇచ్చింది హాని చేయదని నమ్మేవాళ్ళకి ఏ దేశంలోనూ కొదవలేదు. మన ఋషులు ఎప్పుడో చెప్పేశారని రోజూ ఫార్వర్డ్‌లు పంపే మా చుట్టాలకీ, ఇక్కడి ఆకు టీ భక్తులకీ ఒక వాట్సాప్ గ్రూప్ పెడితే బాగా కలిసిపోతారు.

అమ్మాయికి మాత్రం ఈ గొడవ బాగా పట్టింది. జర్మన్ ప్రభుత్వం 1978లో ఒక నిపుణుల కమిటీ వేసి మూలికల్ని ఒక్కొక్కటిగా పరిశీలింపజేసింది. కొన్నింటికి సరే అన్నారు, కొన్నింటిని వద్దన్నారు. బామ్మ చెప్పింది కాబట్టి అని దేన్నీ వదిలిపెట్టలేదు, కొట్టిపారేయనూ లేదు. అది తెలిశాక మా పిల్ల సీసాల మీద చీటీలు రాయడం మొదలుపెట్టింది. మొక్క పేరు, కోసిన తేదీ, దేనికి, ఎవరికి వద్దు. సేజ్ మీద "పుక్కిలించడానికి. రోజూ తాగొద్దు" అని ఉంటుంది. తేనెలో వేసిన థైమ్ మీద "ఏడాది నిండని పాపాయిలకి వద్దు". కెమోమిల్ మీద, ఆవిరి గిన్నె పిల్లల ఒడిలో పెట్టొద్దని బొమ్మతో సహా. దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం రెండు ఊళ్ళలోనూ ఉంది, మరుగు నీళ్ళు ఒలికి ఒళ్ళు కాలడమూ రెండు ఊళ్ళలోనూ ఉంది.

బుడ్డోడికి సీసాలతో పనిలేదు. వాడికి అడుగడుగునా దొరికే ష్పిట్స్‌వేగెరిష్ చాలు. కత్తిలా సన్నగా, నిలువు ఈనెలతో ఉండే ఆకు. ఇక్కడి బ్రెన్నెస్సెల్ తగిలితే దూలగొండిలా మండుతుంది. దోమ కుట్టినా, అది తగిలినా వీడు ఆ ఆకు నలిపి రసం పూసుకుని మళ్ళీ ఆటకి పోతాడు. తోటి పిల్లలకీ పూస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం మోకాళ్ళ వెనక, చంకల్లో, చెవుల వెనక పిడుదుల కోసం వెతకడం నా డ్యూటీ. బవేరియా గడ్డిలో అవి మామూలే. మెదడువాపు తెచ్చే వైరస్‌కి టీకా వేయించాం, లైమ్ జబ్బుకి మాత్రం కళ్ళే టీకా. ఏ అమ్మమ్మ ఆకూ అక్కడ పనిచేయదని ఇద్దరికీ గట్టిగా చెప్పి ఉంచాను.

ఆగస్టు 15 మా ఇంట్లో మహా ఇరకాటం. పొద్దున మ్యూనిక్‌లో కాన్సులేట్ వాళ్ళ జెండా పండగ. అదే రోజు ఇక్కడ మేరీమాత పండగ, కాథలిక్కులు ఎక్కువున్న ఊళ్ళలో సెలవు కూడా. ఆ రోజు క్రొయ్‌టర్‌బుషెన్ అనే మూలికల కట్టలు చర్చికి పట్టుకెళ్ళి దీవెన పెట్టిస్తారు. మధ్యలో కోనిగ్స్‌కెర్ట్‌సె అనే పొడుగాటి పసుపు పూల కంకి, చుట్టూ యొహానిస్‌క్రౌట్, కెమోమిల్, మాచిపత్రి జాతి మొక్కలు. ఏడు రకాలని కొన్ని ఊళ్ళలో, తొమ్మిదని కొన్ని ఊళ్ళలో. 77 పెట్టే చోట్లూ ఉన్నాయట. ఆ కట్టని ఇంట్లో వేలాడదీస్తారు. ఉరుములొస్తే కాస్త తుంచి పొయ్యిలో వేయడం పాతకాలపు అలవాటు. 2025లో మేం ఇండియా వెళ్ళలేదు, కాబట్టి పిల్లలు జెండాకీ వెళ్ళారు, కట్టలు కట్టడానికీ వెళ్ళారు. చర్చిలోకి పంపాలా అని మా ఆయన కాస్త తటపటాయించారు. పూలు పట్టుకుని వెళ్తున్నారు కదా అన్నాను. కట్టల్లో మా తోట పుదీనా కూడా ఉంది. తులసి కూడా పెడతానంది అమ్మాయి, అప్పటికే సాయంత్రం కావడంతో తనే మానుకుంది.

ఆ ఏడాది వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. చర్చి కట్ట ఇంకా పూర్తిగా ఎండనేలేదు, ఇంట్లో పత్రి వేట మొదలైంది. ఇరవయ్యొక్క ఆకుల జాబితా అమ్మాయి కాగితం మీద రాసుకుని ఊరంతా తిరిగింది. మాచిపత్రి జాతి రోడ్ల పక్కనే పెరుగుతుంది, బైఫూస్ అని బాతు కూరలో కూడా వేస్తారు. మరువం మా మడిలోనే ఉంది, బంగాళాదుంపల సూప్‌కి ఓమా కోసుకెళ్ళగా మిగిలింది. దానిమ్మ ఒక స్నేహితురాలి కుండీలో దొరికింది. గన్నేరుకి లోటే లేదు, బాల్కనీలన్నీ అవే. దాన్ని కోసేటప్పుడు చేతికి తొడుగు వేయించాను, ఆకులో పువ్వులో అంతా విషమే. మారేడు, జమ్మి, ఉత్తరేణి, జిల్లేడు ఎక్కణ్ణుంచి తేవాలి? ఆ పేర్లు వచ్చినప్పుడల్లా అక్షతలు వేశాం. అక్షతలు వేస్తూ జిల్లేడు ఎలా ఉంటుందో చెప్పబోయాను. ఆకు తుంచితే పాలు కారతాయి అన్నంతవరకే చెప్పగలిగాను. చేత్తో పట్టుకోనిది ఎంత చెప్పినా ఇంతే.

జిల్లేడు బదులు బుడ్డోడు కోనిగ్స్‌కెర్ట్‌సె ఆకు ఒకటి తెచ్చి పెట్టబోయాడు. మెత్తగా, మఖమల్ గుడ్డలా ఉంటుంది. వ్రతకల్పంలో లేని ఆకు ఎలా వేస్తామని మా ఆయన ఆపారు. వీడియో కాల్‌లో పూజ చూస్తున్న మా అమ్మ కల్పించుకుంది.

"వెయ్యనివ్వండి అల్లుడుగారూ. చిన్నపిల్లాడు. విషం కాదుగా?"

"ఇది కాదు అమ్మమ్మా," అంది మా అమ్మాయి, "విషం గన్నేరు. అది లిస్టులోనే ఉంది, ఇందాకే వేసేశాం."